కంప్యూటరు కొలువులకు వచ్చిన కఱవు



నేడు మన పల్లెలలో నే యరుగు మీద నిద్దఱు పెద్దలు కూర్చున్నను, పంట ధరల ముచ్చట ముగియక మునుపే మఱియొక ముచ్చట తలయెత్తుచున్నది. "మావాడి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారటండీ" అని యొకరందురు. "మా మనుమడికి ఆర్డరు వచ్చి ఏడాదైంది, ఇంకా పిలవలేదండీ" అని మఱియొకరందురు. ఇరువదియేండ్ల క్రిందట సాఫ్టువేరు పెండ్లికొడుకనగా జాతకము చూడకయే తాంబూలములు పుచ్చుకొనిన యిండ్లున్నవి. ఇప్పుడా యిండ్లలోనే "ఉద్యోగం గట్టిదేనా" యని రెండుమార్లడుగుచున్నారు.

నేను ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసితిని. కంప్యూటరు శాస్త్రము నా విద్య కాదు. అయినను నాయొద్ద ఛందస్సు నేర్చిన పిల్లలలో చాలమంది నేడీ కొలువులలో నున్నారు. వారు సెలవులకు వచ్చినప్పుడు చెప్పిన మాటలును, కంపెనీలు తామే ప్రకటించిన లెక్కలును పోల్చి చూచుకొనుట నాకు కొన్నేండ్లుగా నలవాటైనది. అట్లు తెలిసినంతలో, ఈ కఱవెక్కడ పుట్టినది, ఎవరిని ముందు తాకును, ఇంటి పెద్దలు దీనిలో చేయదగినదేమి యనునది మీకు మనవి చేసెదను.

ముందుగా నీ పని యెట్టిదో తెలిసికొనవలెను. హైదరాబాదులో అద్దాల మేడలలో కూర్చుండి పనిచేయు మనవారిలో పెక్కుమంది తమ సొంత సరకు నమ్మువారు కారు. అమెరికాలో నొక బ్యాంకు, ఇంగ్లండులో నొక బీమా సంస్థ, జర్మనీలో నొక కార్ల కర్మాగారము ఉన్నవనుకొనుడు. వాని లెక్కలు, బిల్లులు, జీతములు, సరకుల నిల్వలు అన్నియు కంప్యూటరులలోనే నడచును. ఆ యంత్రమునకు చెప్పవలసిన యాజ్ఞలు వ్రాయుటయు, వ్రాసినవానిలో తప్పులు దిద్దుటయు, అవి రేయింబవళ్లు నిలువక నడచునట్లు కనిపెట్టియుండుటయు మనవారి పని. ఆ పెద్ద సంస్థలు ఈ పనిని గుత్తకిచ్చును. టి.సి.యస్., ఇన్ఫోసిస్, విప్రో మొదలగునవి యా గుత్తను పుచ్చుకొని, మనిషికి గంటకింత యని గాని, పని మొత్తమునకింత యని గాని సొమ్ము రాబట్టుకొనును. మన పిల్లవాని జీతము ఆ సొమ్ములోని పాలు.

కావున నీ కొలువులకు నీరు తెచ్చు కాలువ యొక్క తలతూము మన దేశమున లేదు. గోదావరి డెల్టాలో పుట్టినవాడను గనుక నాకీ పోలిక తట్టుచున్నది. ధవళేశ్వరమున తలుపులు దింపిన నాడే పంట యెండదు. ముందు శివారు చేలు బీటలు వాఱును. ఎగువ రైతునకు కొన్నాళ్ల వఱకు సంగతి తెలియనే తెలియదు. అమెరికా కేంద్ర బ్యాంకు నిర్ణయించు వడ్డీరేటు ఈ కాలువకు తలుపు వంటిది. 2020 మార్చి మొదలు రెండేండ్లు ఆ వడ్డీ యించుమించు సున్నగా నుండెను. అప్పు చౌకయైనప్పుడు రేపటి పనికి నేడే మనుషులను చేర్చుకొనుట కంపెనీల స్వభావము. దానికి తోడు కరోనా కాలమున జనులు ఇల్లు కదలక కొనుగోళ్లు, చదువులు, కచేరి పనులు సమస్తము కంప్యూటరు మీదుగనే జరుపుకొనిరి. 2021 ఏప్రిలు మొదలు 2022 మార్చి వఱకు గల యొక్క యేటిలో టి.సి.యస్. సిబ్బంది లక్షకు పైగా పెరిగెను. అది కాలువ నీరు కాదు, వఱద నీరు. మన పల్లెలలో ప్రతి యింటను ఒక పిల్లవానికి పిలుపు వచ్చినది ఆ యేడే.

పిదప అమెరికాలో ధరలు మండిపోయెను. వానిని దింపుటకై కేంద్ర బ్యాంకు 2022 మార్చి నుండి వడ్డీ పెంచుచు వచ్చి 2023 జూలై నాటికి నూటికి 5.25 - 5.5 వఱకు తెచ్చెను. తలుపులు దిగెను. 2022 నవంబరులో ఫేసుబుక్కునకు మాతృసంస్థయగు మెటా 11,000 మందిని తొలగించెను. 2023 జనవరిలో గూగులు 12,000 మందిని, మైక్రోసాఫ్టు 10,000 మందిని తొలగింతుమని ప్రకటించినవి. అమెజాను చెప్పిన లెక్క 18,000. మన దేశమున నిది యింత యార్భాటముతో జరుగలేదు. 2023 ఏప్రిలు మొదలు 2024 మార్చి వఱకు టి.సి.యస్.లో 13,249, ఇన్ఫోసిస్‌లో 25,994, విప్రోలో 24,516 మంది తగ్గిరి. ఇందఱిని వెళ్లగొట్టిరని దీని యర్థము కాదు. వెళ్లినవారి స్థానములలో క్రొత్తవారిని చేర్చుకొనకుండుటయే యిందు ముఖ్యము. ఈ భేదము పెద్దలు మనసున నుంచుకొనవలెను. ఎందుకనగా వెళ్లగొట్టుట పత్రికలకెక్కును, చేర్చుకొనకుండుట యెక్కదు. మన యింట చదువు ముగించి కూర్చున్న పిల్లవానికి తగిలిన దెబ్బ యీ రెండవది. అటుపై 2025 జూలైలో టి.సి.యస్. తన సిబ్బందిలో నూటికి ఇద్దఱిని, అనగా 12,000 మందికి పైగా, తొలగింతునని బాహాటముగనే చెప్పినది. వారిలో నడిమి తరగతి, పై తరగతి యుద్యోగులే యెక్కువ.

"బెంచి" యను మాట మీ పిల్లల నోట వినియుందురు. మా బడులలో పాఠము రానివానిని బెంచి యెక్కించుట వంటిది కాదిది. ఒక గుత్త ముగిసి మఱియొకటి దొరకు వఱకు జీతమిచ్చుచు ఊరక కూర్చుండబెట్టుట. పెద్ద కమతములలో పని లేని దినములందును పాలేరునకు కూడు పెట్టుట వంటిదనుకొనుడు. రేపు వాన పడినచో మనిషి చేతి క్రింద నుండవలెను గదా! కఱవు వచ్చినప్పుడు మొట్టమొదట తగ్గునది యీ యాదరణమే. టి.సి.యస్. 2025 జూనులో నొక నియమము చేసినది: ప్రతి యుద్యోగియు ఏడాదిలో 225 దినములు సొమ్ము వచ్చు పనిలో నుండవలెను, బెంచి మీద 35 దినములకు మించరాదు. కావున మీవాడు "బెంచి మీద ఉన్నాను" అన్నచో సెలవులో నున్నాడని సంతసింపకుడు. అది వానికి నిద్ర పట్టని కాలము.

ఇట్టి కఱవు మొదటిది కాదు. 1998 నవంబరులో హైదరాబాదున సైబర్ టవర్సు తెఱచిన నాటికి లోకమంతటను ఒక విచిత్రమైన పని కుప్పలుగా పడియుండెను. పాత ప్రోగ్రాములలో సంవత్సరమును తుది రెండంకెలతోనే వ్రాసియుండుటచే, 2000 వచ్చినచో యంత్రము దానిని 1900 అనుకొనునని భయము. ఆ యంకెలు దిద్దుటకు మనవారు వేలకొలది సముద్రము దాటిరి. ఆ పని తీఱిన పిదప, 2000 మార్చిలో 5,048 వద్దనున్న అమెరికా నాస్డాక్ వాటాల సూచిక 2002 అక్టోబరు నాటికి 1,114కు పడిపోయెను. క్రొత్తగా హెచ్-1బి వీసాలు ఏటికి 1,95,000 ఇచ్చుచుండిన దేశము 2003 అక్టోబరు నుండి మరల 65,000కు దిగెను. రెండవ కఱవు 2008లో అమెరికా బ్యాంకులు కూలుటతో వచ్చినది. అది చాలదన్నట్లు 2009 జనవరి 7వ తేదీన మన హైదరాబాదు సత్యం సంస్థ లెక్కలు బూటకములని దాని యధ్యక్షుడే లేఖ వ్రాసెను. ఆ సంస్థలో ఏబదివేల మంది జీతములేమగునోయని యెన్ని పల్లెలలో పొయ్యి వెలుగలేదో మీకు జ్ఞాపకముండును. ప్రభుత్వము క్రొత్త పాలకవర్గమును నియమించెను; ఏప్రిలులో టెక్ మహీంద్రా దానిని తీసికొనెను; కొలువులలో చాల భాగము నిలిచెను. రెండుమార్లును రెండుమూడేండ్లకు కాలువకు మరల నీరు వచ్చినది. నేడు దేశమున నీ వృత్తిలో నున్నవారు 50 లక్షలకు పైమాటే.

ఈ చరిత్ర చెప్పి "ఇదియు నట్లే పోవును" అని ధైర్యము చెప్పువారున్నారు. వారితో నేను సగమే యేకీభవింతును. నీరు మరల రావచ్చును. కాని ఈ నడుమ పొలములోనికొక క్రొత్త యంత్రము దిగినది. 2022 నవంబరు 30న చాట్ జి.పి.టి. యను సాధనము జనులకు లభించెను. తరువాత నట్టివి మఱికొన్ని వచ్చినవి. మనుష్యులతో మాటాడినట్లు మామూలు మాటలలో "ఇట్టి పని చేయు ప్రోగ్రాము వ్రాయుము" అనగా నవి క్షణములో వ్రాసియిచ్చును. తప్పులును వ్రాయును, ఆ తప్పులను మిక్కిలి ధైర్యముతో వ్రాయును. అందుచే పైన కూర్చుండి దిద్దు మనిషి లేనిదే వానిని నమ్మరాదు. అయితే ఒకప్పుడు అనుభవశాలి క్రింద అయిదుగురు క్రొత్త పిల్లలు చేసిన చిల్లరపనిని నేడు అదే యనుభవశాలి యిద్దఱితోను, ఈ సాధనముతోను చేయించుకొనగలుగుచున్నాడు.

ఇక్కడ నాకొక చింత కలదు. సంస్కృతము చదువుకొన్న రోజులలో మేము శబ్దమంజరి ముందు పెట్టుకొని రామశబ్దము మొదలు వేలమార్లు వల్లెవేసితిమి. ఆ వల్లెవేత వలన లోకమునకేమియు నుపయోగము లేదు. కాని పిదప నొక శ్లోకములో విభక్తి తప్పినచో చెవికి ముల్లు గ్రుచ్చుకొనినట్లు తెలియుటకు అదియే కారణము. ఈ కొలువులలో క్రొత్త పిల్లలకిచ్చు చిల్లరపనియే వారికి శబ్దమంజరి. దానిని యంత్రమునకప్పగించినచో, పదియేండ్లకు తప్పు పట్టగల పెద్దలెక్కడనుండి వత్తురు? కంపెనీలవారు దీనికి జవాబు చెప్పుట నేను వినలేదు. ఇప్పటికి దెబ్బ మాత్రము గడపలో నిలిచిన పిల్లలకే తగులుచున్నది.

ఆ పిల్లల సంగతియే ముందు చెప్పెదను. పెద్ద గుత్త సంస్థలలో తొలి జీతము ఏటికి మూడు, మూడున్నర లక్షల వద్ద పదేండ్లకు పైగా కదలక నిలిచినది. బియ్యము ధర నిలువలేదు, హైదరాబాదులో గది యద్దె నిలువలేదు. 2022లో నియామకపు పత్రములందుకొని రెండేండ్లు పిలుపునకై యెదురుచూచిన పిల్లలను నేనెఱుగుదును. పత్రము చేతికి వచ్చుటయు కొలువులో చేరుటయు ఒకటి కావు. కావున నే కళాశాలకైనను పిల్లను, పిల్లవానిని చేర్పబోవునప్పుడు "ఎందఱికి ఉద్యోగాలు వచ్చాయి" అని యడుగకుడు. "కడచిన రెండేండ్లలో ఎందఱు చేరి మొదటి జీతము తీసికొనిరి, ఎంత జీతము" అని యడుగుడు. మా ప్రాంతమున నొక కళాశాలవారిని నేనీ ప్రశ్న యడిగినప్పుడు వారు నాకు మంచి కాఫీ యిచ్చి గోడమీది ఫొటోలు చూపిరి. లెక్క మాత్రము నేటికిని రాలేదు.

గడప మూసియున్నచో దొడ్డిదారి చూపువారు పుట్టుకొనివత్తురు. లక్షో రెండు లక్షలో పుచ్చుకొని, మూడేండ్లు పనిచేసినట్లు దొంగ యనుభవపత్రము చేయించి లోపలికి పంపుదుమని చెప్పు వారు నగరమున కలరు. ఇది వట్టి పాపమనియే చెప్పి యూరకుండను, తెలివితక్కువయని కూడ చెప్పెదను. ఇట్టి సంస్థలలో జీతము తీసికొను యుద్యోగికి సాధారణముగా భవిష్యనిధి ఖాతాకు సంబంధించిన యొక సంఖ్య యుండును. ఏ సంస్థ యే నెలలో వాని పేర సొమ్ము కట్టినదో అందులో నెక్కియుండును. కంపెనీలవారు దానిని తిరుగవేసి చూతురు. నిజముగా పనిచేసినవానికి అక్కడ జాడ యుండును, చేయనివానికి ఉండదు. చేరిన యాఱు నెలలకు బయటపడినచో, ఉన్న యుద్యోగము పోవుటయే కాదు, తరువాతి తలుపులును మూసికొనును. అప్పుడు పల్లెలో తండ్రి చేసిన యప్పు మాత్రము మిగులును.

రెండవ తెగవారు నలువదేండ్ల ప్రాయము వారు. నా శిష్యుడొకడు, తరగతిలో నందఱికంటె చక్కగా వ్రాయువాడు, హైదరాబాదున పదునొకండేండ్లు ఒకే విధమైన పని చేసి 2023లో కొలువు కోల్పోయెను. నాలుగు నెలలు తండ్రికి చెప్పలేదు. ప్రతి సాయంకాలము ఫోనులో "పని ఎక్కువగా ఉంది నాన్నా" యని చెప్పుచు, ఫ్లాటుపై తెచ్చిన బ్యాంకు అప్పునకు వాయిదాలు నిలువచేసిన సొమ్ములోనుండి కట్టుచుండెను. ఆ తండ్రి యిది తెలిసినప్పుడు బాధపడినది ఉద్యోగము పోయినందుకు కాదు. "నాకు చెప్పుకోలేకపోయాడు పంతులుగారూ" అన్నాడు. అతడేడు నెలలకు వేఱొక సంస్థలో కుదిరెను, జీతము కొంత తక్కువ. ఈ వయసు వారికి దొరకు చోట్లు తక్కువయే కాని లేకపోలేదు. ఇటీవల విదేశపు బ్యాంకులు, మందుల కంపెనీలు, దుకాణపు సంస్థలు గుత్తకిచ్చుట మాని, హైదరాబాదు, బెంగుళూరులలో తమ సొంత కార్యాలయములు తెఱచి మనవారిని నేరుగా పెట్టుకొనుచున్నవి. అచ్చట వందలమంది క్రొత్తవారికంటె, ఆ వ్యాపారము లోతు తెలిసిన పదిమందికి విలువ యెక్కువ. బీమా లెక్కలో, ఆస్పత్రి లెక్కలో, దొంగలనుండి యంత్రములను కాపాడు విద్యలో పదేండ్లు లోతుగా పనిచేసినవాడు అట్టిచోట నిలద్రొక్కుకొనును. ఎక్కడ పెట్టిన నక్కడ పనిచేసి, ఏ యొక్కటియు తనదిగా చేసికొననివానికి కష్టము.

ఇక విదేశమున నున్న పిల్లల మాట. ఇంటి పెద్దలు మిక్కిలి శ్రద్ధతో వినవలసినది యిది. ఎందుకనగా పొలము కదలునది యిక్కడనే. అమెరికా చదువునకు నలుబది, యేబది లక్షలను మాట పల్లెలలో వినబడుచున్నది. 2023-24 విద్యాసంవత్సరమున అచ్చట మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది; అన్ని దేశములవారిలో మనవారే యెక్కువ. వారిలో తెలుగు పిల్లలు కొల్లలు. చదువు ముగిసిన పిమ్మట వారికి పండ్రెండు నెలలు పనిచేయుటకు అనుమతి యుండును; శాస్త్ర సాంకేతిక విద్యలవారికి మఱి యిరువదినాలుగు నెలలు పొడిగింతురు. అయితే ఆ తొలి పండ్రెండు నెలలలో మొత్తము 90 దినములకు మించి పని లేక యుండరాదు. ఈ తొంబది దినముల సంగతి తెలియకయే పొలము తాకట్టు పెట్టిన తండ్రులను నేను చూచితిని. ఆ పిమ్మట హెచ్-1బి వీసా. ఏటికి గల చోట్లు 65,000. అమెరికాలో పై పట్టము పొందినవారికి వేఱుగా 20,000. వీనికి 2023లో వచ్చిన దరఖాస్తులు ఏడున్నర లక్షలకు పైన. చీట్లు తీసి యిచ్చిరి. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు, ఆ దేశము వెలుపలినుండి క్రొత్తగా నీ వీసాపై రప్పించుకొను ప్రతి మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టవలెనని యుత్తరువు చేసెను. ఈ నియమములు తఱచుగా మాఱును గనుక, బయలుదేఱునప్పుడు నాటి నియమములను మరల విచారించుకొనుడు.

హెచ్-1బి మీద నున్నవాని కొలువు పోయినచో, మఱియొక కంపెనీ వానికై దరఖాస్తు పెట్టుటకు 60 దినముల గడువుండును. అచ్చట నుండుటకిచ్చిన యనుమతి గడువు అంతకు ముందే తీఱినచో అదియు నుండదు. ఆ అరువది దినములలో వాడు పని వెదకవలెను, బడిలో నున్న పిల్లల సంగతి చూడవలెను, ఇల్లు ఖాళీ చేయుటకు సిద్ధపడవలెను. ఆ రెండు నెలలును ఇచ్చటి బంధువులు "ఏమైంది, ఏమైంది" అని రాత్రింబవళ్లు ఫోను చేయుట వానికి సాయము కాదు. తిరిగివచ్చినవానిని ఊరివారు రెండు ప్రశ్నలడుగుదురు: "ఎప్పుడొచ్చావు?", "ఎప్పుడెళ్తావు?" మొదటిది మర్యాద. రెండవది వాడు తానై చెప్పు వఱకు ఆగవచ్చును.

ఎవరు వచ్చి నన్నడిగినను తుదకు వచ్చు ప్రశ్న యొక్కటే: "ఈ ఏడు మావాణ్ణి కంప్యూటరు బ్రాంచిలో చేర్చమంటారా?" నేను చెప్పునదిది. లెక్కలు వానంతట వాడే యిష్టపడి చేయువాడైనచో, ఒక తప్పు దొరకు వఱకు కూర్చున్నచోటినుండి లేవనివాడైనచో చేర్పుడు. అట్టివానికి కఱవులోను పని దొరకును. ఇరుగుపొరుగువారందఱు చేర్చిరని చేర్పకుడు. మన రాష్ట్రములలో ఇంజనీరింగు సీట్లు సగమునకు మించి ఆ యొక్క తెగలోనే యున్నవి; అందఱును ఒకే తూము వద్ద నిలిచియున్నారన్నమాట. విద్యుత్తు, యంత్రములు, కట్టడములు చదువువారు తగ్గిరి. కాని తీగెలు, వంతెనలు, కర్మాగారములు తగ్గలేదు. మా వీధిలో నొక రైతునకిద్దఱు కొడుకులు. పెద్దవాడు ఎలక్ట్రికల్ చదివి విద్యుత్తు సంస్థలో నింజనీరుగా నున్నాడు. రాత్రి గాలివాన వచ్చినచో లేచి పరుగెత్తును. చిన్నవాడు కంప్యూటరు చదివి బెంగుళూరున నున్నాడు. అమెరికాలో బ్యాంకు యంత్రము నిలిచినచో వాడును అర్ధరాత్రియే లేచును. ఇద్దఱి జీతములకు భేదమెంతయో ఆ తండ్రి నాకు చెప్పలేదు, నేనును అడుగలేదు.